సాగే వస్త్రంపై యంత్రపు ఎంబ్రాయిడరీ: పాతబస్తీ కార్ఖానాలకు యంత్రంతో పాటు శిక్షణా అవసరమే

హైదరాబాదు: పట్టు, మఖమల్ వస్త్రాలపై జరీతో తీర్చిదిద్దే జర్దోజీ పనితనానికి హైదరాబాదు పాతబస్తీ పెట్టింది పేరు. చార్మినార్, లాడ్‌బజార్, పత్తర్‌గట్టి ప్రాంతాల వస్త్ర దుకాణాలకు కావలసిన అలంకరణ పనిని పరిసర బస్తీలలోని కార్ఖానాలు, ఇళ్లలో పనిచేసే మహిళలు తరతరాలుగా చేసి పెడుతున్నారు. కార్చోబు అనే చెక్క చట్రంపై వస్త్రాన్ని బిగించి సూదితో, ఆరీతో చేసే ఈ చేతిపని సరసన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాలు కూడా చేరిన సంగతి విదితమే.

కాగా, వినియోగదారుల అభిరుచులలో వచ్చిన మార్పు ఈ వృత్తికి సరికొత్త పరీక్షను తెచ్చిపెట్టింది. టీషర్టులు, లెగ్గింగులు, జెర్సీ హిజాబులు, క్రీడా దుస్తులు, సంస్థల చిహ్నాలతో కూడిన కాలరు బనియన్లు నేడు నిత్యవాడకంలోకి వచ్చాయి. ఇవన్నీ సాగే వస్త్రాలే. చీరపై, షేర్వాణీపై లోపం లేకుండా పనిచేసే యంత్రమే ఈ వస్త్రంపై ముడతలు, రంధ్రాలు మిగల్చవచ్చు. అప్పుడు పాడైన వస్త్రం విలువను ఎవరు భరించాలన్న ప్రశ్న ఎదురవుతుంది. రుణాలు, రాయితీలు యంత్రం కొనుగోలుకు తోడ్పడుతున్నాయి గాని, నష్టం సంభవిస్తున్నది పరిజ్ఞానం లోపించిన చోట. ఈ వ్యత్యాసాన్ని గుర్తించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

నేత వస్త్రం వేరు, అల్లిక వస్త్రం వేరు

మగ్గంపై నేసిన వస్త్రంలో పడుగు, పేక దారాలు ఒకదానినొకటి అడ్డంగా దాటుతూ స్థిరంగా నిలుస్తాయి. హోజరీ లేదా బనియన్ గుడ్డ అని వ్యవహరించే అల్లిక వస్త్రంలో ఒక దారపు ఉచ్చులోంచి మరొక ఉచ్చు అల్లుకుంటూ పోతుంది. లాగినపుడు ఉచ్చులు ఆకారం మార్చుకుంటాయి కనుకనే ఆ వస్త్రం సాగుతుంది. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థకు చెందిన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ రూపొందించిన లైక్రా వంటి నూలును కొద్దిగా కలిపితే ఈ సాగుడు, తిరిగి యథాస్థితికి వచ్చే గుణం రెండూ ఇనుమడిస్తాయి.

ఎంబ్రాయిడరీ కుట్టు మాత్రం సాగదు. సాగే వస్త్రంపై సాగని కుట్టును నిలబెట్టడమే ఇక్కడి చిక్కు. పదునైన మొన గల సూది ఉచ్చును తాకితే దారం తెగుతుంది. ఆ లోపం వెంటనే కంటికి కనిపించకపోవచ్చు. ఒకటి రెండు ఉతుకుల తరువాత తెగిన ఉచ్చు జారి రంధ్రంగా బయటపడుతుంది. అప్పటికి సరుకు దుకాణం దాటి వినియోగదారుని ఇంటికి చేరి ఉంటుంది.

కార్చోబు నేర్పిన సూత్రం ఇక్కడ వర్తించదు

కార్చోబు పనిలో శిష్యుడు మొట్టమొదట నేర్చుకునేది వస్త్రాన్ని డోలు చర్మంలా బిగించడం. వస్త్రం వదులైతే కుట్టు వంకర పోతుంది. నేత వస్త్రం విషయంలో ఈ సూత్రం అక్షరాలా నిజం. అయితే అదే అలవాటుతో బనియన్ గుడ్డను యంత్రపు రింగులో లాగి బిగిస్తే వస్త్రం సాగిన స్థితిలోనే కుట్లు పడతాయి. రింగు తీయగానే వస్త్రం తన పూర్వ పరిమాణానికి కుదించుకుపోతుంది, కుట్లు కుదించుకోవు. ఫలితంగా డిజైను చుట్టూ ముడతలు ఏర్పడతాయి. ఇస్త్రీతో ఇవి పోవు.

కాబట్టి సాగే వస్త్రానికి పద్ధతిని తిరగవేయాలి. రింగులో బిగించవలసినది అడుగున వేసే బ్యాకింగును. వస్త్రాన్ని లాగకుండా, సహజ స్థితిలో, తాత్కాలికపు స్ప్రే గమ్‌తో ఆ బ్యాకింగుపై అంటించాలి. చేయి తిరిగిన కారీగరు సైతం ఈ ఒక్క విషయంలో పాత అలవాటును పక్కన పెట్టవలసి రావడం గమనార్హం. ఇది పనితనంలో లోపం కాదు, పదార్థం మారినపుడు పద్ధతి మారడమే.

నష్టాన్ని నివారించే జాగ్రత్తలు

మొదటిది సూది. ఉచ్చును చీల్చకుండా పక్కకు తప్పించే గుండ్రని మొన గల బాల్ పాయింట్ సూదిని వాడాలి. పలుచని వస్త్రానికి 70/10, సాధారణ టీషర్టుకు 75/11 సంఖ్య సూదులు అనువైనవి.

రెండవది బ్యాకింగు. పని ముగిశాక చింపి తీసివేసే కాగితపు రకం నేత వస్త్రానికి సరిపోతుంది. సాగే వస్త్రానికి అది చాలదు. చింపిన మరుక్షణం కుట్టుకు ఆధారం పోతుంది. అంచులు మాత్రమే కత్తిరించి, కుట్టు కింద శాశ్వతంగా నిలిచి ఉండే రకాన్ని ఎంచుకోవాలి. జెర్సీ హిజాబు వంటి పలుచని వస్త్రాలకు వలవంటి తేలికపాటి బ్యాకింగు మేలు. పసిపిల్లల దుస్తులైతే వెనుకవైపు గరుకుదనం చర్మానికి తగలకుండా మెత్తని పొరను అదనంగా అంటించాలి. కుట్లు వస్త్రంలోకి కూరుకుపోకుండా పైన నీటిలో కరిగే పలుచని పొరను పరచడం కూడా ప్రయోజనకరం.

మూడవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, డిజైను పంచింగ్. చీరకో, జాకెట్టుకో తయారు చేసిన ఫైలునే బనియన్ గుడ్డపై నడపడం నష్టానికి ప్రధాన కారణాలలో ఒకటి. 40 నెంబరు దారంతో నిండు పనికి వరుసల మధ్య 0.4 మిల్లీమీటర్ల ఎడం సాధారణం. 5 సెంటీమీటర్ల చతురస్రాన్ని ఈ ఎడంతో, 4 మిల్లీమీటర్ల కుట్టు పొడవుతో నింపితే 125 వరుసలు, సుమారు 1,560 సూదిపోట్లు పడతాయి. ఎడాన్ని 0.5 మిల్లీమీటర్లకు పెంచితే వరుసలు 100కు, పోట్లు 1,250కి తగ్గుతాయి. అంటే ఉచ్చులపై పడే ఒత్తిడి ఐదవ వంతు తగ్గినట్లు. పై కుట్లకు ముందు పలుచని అడుగు కుట్టు వేసి వస్త్రాన్ని బ్యాకింగుకు పట్టి ఉంచడం, మధ్య నుంచి అంచులకు పని సాగించడం, యంత్రపు వేగం తగ్గించడం కూడా అవసరం. కుట్టు లాగుడుకు డిజైను సన్నబడుతుంది కనుక ఆ మేరకు వెడల్పును ముందే పెంచి పంచింగ్ చేయాలి.

నాలుగవది పరీక్ష. నూలు బనియన్ గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోయే అవకాశం ఉంది. అదే వస్త్రపు ముక్కపై డిజైను వేసి, ఉతికి, ఆరబెట్టి చూసిన తరువాతే పూర్తి ఆర్డరును చేపట్టాలి.

కూలి లెక్కలో ఉన్న చిక్కు

ఇక్కడ ఒక ఆర్థికాంశాన్ని ప్రస్తావించక తప్పదు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో ధరను కుట్ల సంఖ్యను బట్టి లెక్కగట్టే పద్ధతి వాడుకలో ఉంది. నేత వస్త్రానికి ఇది సబబే. సాగే వస్త్రానికి మాత్రం కుట్లు తగ్గించడమే నాణ్యత. పని బాగా చేసినవానికి కుట్లు తగ్గి రాబడి తగ్గుతుంది. బ్యాకింగు, పై పొర, స్ప్రే గమ్, తగ్గిన వేగం వల్ల ఖర్చు పెరుగుతుంది. నాణ్యతను శిక్షించే ఈ లెక్క ఉన్నంత కాలం శిక్షణ ఒక్కటే ఫలితమివ్వదు. కుట్ల ధరతో నిమిత్తం లేకుండా, ఒక్కో వస్త్రానికి బ్యాకింగు ఖర్చు కలుపుకుని ధర నిర్ణయించుకోవడం ఉభయులకూ శ్రేయస్కరం.

పాడైన వస్త్రం ఎవరి ఖాతాలో?

ఈ వృత్తిలో అధికభాగం జాబ్ వర్క్. వస్త్రం వ్యాపారిది, పని కార్ఖానాది. వస్త్రంలో ఏ నూలు ఎంత శాతమో, ఉతికి కుదించినదో కాదో పనివారికి తెలియని సందర్భాలలో నష్టభారం కూలిపైనే పడే ప్రమాదముంది. జాబ్ వర్క్ విలువ కన్నా పాడైన వస్త్రం విలువ అనేక రెట్లు ఉంటుంది కనుక కొద్ది పీసులు పాడైనా ఆ వారపు సంపాదన తుడిచిపెట్టుకుపోతుంది.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 21 నవంబరు 2025 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 ప్రకారం ఉద్యోగి నిర్లక్ష్యం లేదా తప్పిదం వల్ల నేరుగా కలిగిన నష్టానికి మాత్రమే వేతనంలో కోత విధించవచ్చు. అదీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చిన తరువాతే. కోత నష్టపు విలువను మించరాదు. అన్ని కోతలు కలిపి వేతనంలో 50 శాతం దాటరాదు. స్వతంత్రంగా జాబ్ వర్క్ చేసేవారు ఉద్యోగులు కారు. వారికి భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 151, 152 సెక్షన్లు వర్తిస్తాయి. తన సొంత వస్తువు పట్ల సామాన్య వివేకవంతుడు చూపే శ్రద్ధ చూపినపుడు, ప్రత్యేక ఒప్పందం లేనిచో, నష్టానికి బాధ్యత ఉండదని వాటి సారాంశం. ముందుగా వేసి ఉతికి భద్రపరచిన పరీక్షా ముక్క ఈ శ్రద్ధకు తిరుగులేని సాక్ష్యం కాగలదు. వస్త్రంతో పాటు ఇచ్చే చలానులో నూలు మిశ్రమం, ఉతుకు వివరం రాయించుకోవడం ఖర్చులేని రక్షణ.

ఉద్యం పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ సంస్థకు మరొక హక్కు కూడా లభిస్తుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం కింద కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజులలో బిల్లు చెల్లించాలి. జాప్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ చెల్లించవలసి ఉంటుంది.

పథకాలు, వాటిలోని ఖాళీలు

యంత్రం కొనుగోలుకు మార్గాలు లేకపోలేదు. 2008లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో పట్టణ ప్రాంత మహిళలు, మైనారిటీలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ప్రాజెక్టు వ్యయంలో 25 శాతం రాయితీ ఉంది. తయారీ యూనిట్ల వ్యయ పరిమితిని 2022లో రూ.50 లక్షలకు పెంచారు.

నైపుణ్యం విషయంలో చిత్రం భిన్నం. 17 సెప్టెంబరు 2023న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఉంది, ఎంబ్రాయిడరీ విడిగా లేదు. హస్తకళాకారులకిచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు చేతిపనికి ఉద్దేశించినది. కార్చోబు వదలి యంత్రం వద్దకు వచ్చిన కారీగరు ఈ రెంటి మధ్య మిగిలిపోయే అవకాశముంది. జాతీయ నైపుణ్య ప్రమాణాలలో ‘హ్యాండ్ ఎంబ్రాయిడర్ (అడ్డావాలా)’, ఎంబ్రాయిడరీ మెషిన్ ఆపరేటర్ కోర్సులు ఉన్నాయి. కుట్టుపనిలో అల్లిక వస్త్రాలకు ప్రత్యేక ఆపరేటరు కోర్సునే రూపొందించారు. కుట్టుకు అవసరమని గుర్తించిన ఈ విభజన ఎంబ్రాయిడరీకి కూడా అంతే అవసరమన్నది సుస్పష్టం.

ఇందుకు కావలసిన సంస్థలు నగరంలోనే ఉన్నాయి. 1978లో ఏర్పడిన సెట్విన్ జంటనగరాల యువతకు టైలరింగ్, ఎంబ్రాయిడరీ తదితర కోర్సులలో శిక్షణనిస్తోంది. 1995లో నెలకొన్న హైదరాబాదు నిఫ్ట్‌లో అల్లిక దుస్తుల డిజైన్ విభాగం ఉంది. నిఫ్ట్ పరిజ్ఞానాన్ని సెట్విన్ శిక్షణతో అనుసంధానించి, పాతబస్తీలో సాగే వస్త్రాలపై స్వల్పకాలిక ఉర్దూ, తెలుగు మాధ్యమ శిక్షణను, పరీక్షా ముక్కలు వేసి ఉతికి చూపే ఉమ్మడి సదుపాయాన్ని కల్పించడం ఆచరణ సాధ్యమైన చర్య. ఒక యంత్రం, ఒక ఉతుకు యంత్రం, పంచింగ్ తెలిసిన ఒక నిపుణుడు ఉంటే దీనికి శ్రీకారం చుట్టవచ్చు.

సానుకూలమైన తరుణం

మార్కెట్ పరిస్థితులు కూడా అనుకూలిస్తున్నాయి. 22 సెప్టెంబరు 2025 వరకు రూ.1,000 దాటిన దుస్తులపై 12 శాతం జి.ఎస్.టి. ఉండేది. ఎంబ్రాయిడరీ విలువ చేరి ధర ఆ గీత దాటితే పన్ను పెరిగేది. ఆనాటి నుంచి రూ.2,500 వరకు 5 శాతమే వర్తిస్తోంది. అలంకరణతో విలువ పెంచుకునేందుకు ఇది గణనీయమైన వెసులుబాటు. తమిళనాడులోని తిరుప్పూరు అల్లిక దుస్తులకు దేశంలోనే ప్రధాన కేంద్రం. మన రాష్ట్రంలో 22 అక్టోబరు 2017న శంకుస్థాపన జరిగిన వరంగల్ జిల్లా కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శిశువుల అల్లిక దుస్తులు తయారు చేసే కైటెక్స్ సంస్థ తరలివచ్చింది. ఇటువంటి ఉత్పత్తులకు అలంకరణ పనిచేసే సామర్థ్యం పాతబస్తీకి సమకూరితే రంగు, కూర్పులపై తరాలుగా అబ్బిన అభిరుచి కొత్త మార్కెట్టుకు చేరుతుంది.

యంత్రానికి అప్పు ఇచ్చే ప్రతి దరఖాస్తుతో పాటు సాగే వస్త్రంపై శిక్షణను కూడా జతచేస్తే, అప్పు తీరే మార్గం దానంతటదే ఏర్పడుతుంది. సంబంధిత శాఖలు, వ్యాపార సంఘాలు, కార్ఖానాల నిర్వాహకులు ఈ దిశగా సమన్వయంతో అడుగువేసిన నాడు, పాడైన వస్త్రం ఖరీదు పేద కారీగరు కూలిలోంచి కోతపడే పరిస్థితి తొలగిపోగలదని ఆశించవచ్చు.