చోటు కాపలా

కార్నర్ కిక్ నుంచి గోలు పడినప్పుడల్లా, ఆ జట్టు జోనల్ పద్ధతిలో కాస్తున్నదైతే, వ్యాఖ్యాతలు వెంటనే ఆ పద్ధతినే తప్పుపడతారు. రాఫాయెల్ బెనితెజ్ లివర్‌పూల్ శిక్షకుడిగా ఉన్నంత కాలం (2004-10) ఈ నింద మోయవలసి వచ్చింది. అది న్యాయమైన నింద కాదని నా అభిప్రాయం.

మనిషిని కాచే పద్ధతిలో ప్రత్యర్థి ఎటు పోతే డిఫెండరు అటు పోవాలి. జోనల్ పద్ధతిలో ప్రతివారికీ ఒక చోటు ఉంటుంది. అయితే అది సున్నంతో గీసిన గడి కాదు. బంతి కుడికి జరిగితే వరుస మొత్తం కుడికి జరుగుతుంది. ఒకడు బంతి మీదికి వెళితే, పక్కవాడు అతని వెనుక ఖాళీని కప్పుతాడు. ఎడమ అంచున ఒక ప్రత్యర్థి ఒంటరిగా మిగిలినా కంగారుపడరు. బంతి అంత దూరం చేరేలోగా వరుస సర్దుకుంటుంది.

1953 నవంబరు 25న వెంబ్లీలో హంగరీ 6-3తో ఇంగ్లండును ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డు హిదెగ్కుటి ముందు నిలవక వెనక్కి తగ్గి ఆడాడు. ఇంగ్లండు సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్ అతని వెంట వెళితే గోలు ముందు ఖాళీ, వెళ్ళకుంటే అతనికి స్వేచ్ఛ. హిదెగ్కుటి మూడు గోల్స్ చేశాడు.

భారతం చదివినవారికి ఈ సంకటం కొత్తది కాదు. సంశప్తకులు పిలవగా అర్జునుడు వారి వెంట దూరంగా పోయాడు. అతడు లేని సమయంలోనే అభిమన్యుడు బలి అయ్యాడు. సైంధవుడు మాత్రం ఎవరి వెంటా పోక వ్యూహద్వారం కాచాడు.

మనిషిని అంటిపెట్టుకోవడమే సంప్రదాయమైన ఇటలీలో, 1987లో ఏసీ మిలాన్ పగ్గాలు చేపట్టిన అరిగో సక్కి జోనల్ పద్ధతినే నమ్ముకున్నాడు. బారెసి, మాల్దీని వంటివారు ఒకే తాటిపై కదిలారు. 1989లోనూ 1990లోనూ యూరోపియన్ కప్ మిలాన్‌దే.

కార్నర్ల వద్ద ఒక చిక్కు ఉన్నమాట నిజం. పరుగెత్తి వచ్చి ఎగిరేవాడు, నిలుచున్నచోట ఎగిరేవాడికంటే పైకి లేస్తాడు. అందుకే పలు జట్లు తలతో బంతిని బాగా కొట్టగలవారిని గోలు ముందు చోట్లలో నిలిపి, మరికొందరిని ఆ పరుగులకు అడ్డుపెడతాయి.

నా అభ్యంతరమల్లా తీర్పు చెప్పే తీరు మీదనే. మనిషిని కాచేటప్పుడు గోలు పడితే ఫలానావాడు ఏమరాడంటారు. పద్ధతిని పల్లెత్తు మాట అనరు. చోటును కాచేటప్పుడు ఏమరినవాడు ఇట్టే కంటికి ఆనడు, కనుక పద్ధతి దోషి అవుతుంది. ఒక్క గోలు చూసి కాక, సంవత్సరమంతా లెక్కించి, రెంటినీ ఒకే త్రాసులో తూచాలి. కాదనే మిత్రులుంటే వారి వాదన వినడానికి సిద్ధంగా ఉన్నాను.