పసిగొంతు, పెద్దబాధ్యత

బార్కసునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె కుమార్తెకు పదియేండ్లు. ఎవరి గొంతు వినినను వెంటనే యనుకరించునట. చిత్రములలో పిల్లల పాత్రలకు మాటలు చెప్పుటకు పంపుమని బంధువులు తొందరపెట్టుచున్నారట. “ఇప్పుడు పంపినచో, పెద్దదైన పిదప దాని గతి యేమి?” అని వారి ప్రశ్న. నిజాముల కాలమున అరబ్బు సైనికుల బారకాసులవలన పేరొందిన యా పేటలో, పలు భాషలు వినుచు పెరిగిన బిడ్డకు చెవి చురుకగుట వింత కాదు.

ఈ సందర్భమున మాకు శ్రీమతి రావు బాలసరస్వతీదేవిగారు తలపునకు వచ్చుచున్నారు. 1928లో జన్మించిన వీరు పసితనముననే గ్రామఫోను రికార్డులకు పాడిరి. 1936లో సి. పుల్లయ్యగారు బాలబాలికలతో తీసిన “సతీ అనసూయ”లో గంగ వేషము ధరించిరి. 1943లో “భాగ్యలక్ష్మి” చిత్రమున తెరపై కమలా కోట్నీసు కనుపింప, వినిపించిన పాట వీరిది. ఒకరి మోమునకు వేరొకరి గొంతు నెరవిచ్చుట తెలుగు చిత్రములలో అదియే మొదలని చెప్పుదురు. 1944లో కోలంక రాజావారిని వివాహమాడిన పిదప నటన మానిరి. పాట మాత్రము మరికొన్నేండ్లు సాగినది. 1953 నాటి “దేవదాసు”లోను వీరి గానము కలదు. తుదకు చిత్రగానమును కూడ విడిచిరి. 2025 అక్టోబరులో, తొంబదియేడేండ్ల వయస్సున దివంగతులైరి. పాట మానిన దశాబ్దములకు పిదపను లోకము వారిని మరువలేదు. పసిగొంతు ముద్దు కొన్నాళ్లదే. వారిని నిలిపినది నేర్చిన సంగీతము.

యౌవనారంభమున స్వరపేటిక పెరుగును. మగపిల్లల గొంతు సుమారొక స్థాయి దిగును. ఆడపిల్లలకును కొంత మార్పు తప్పదు. నిన్నటివరకు పిలిచినవారు అప్పుడు పిలువకపోవచ్చును. అది బిడ్డ లోపము కాదని తల్లి ముందే చెప్పియుంచవలయును.

చట్టమును గూడ తెలిసికొనుడు. 2017 నాటి నిబంధనల ననుసరించి బాలకళాకారులచే దినమునకు 5 గంటలకు మించి పని చేయింపరాదు. విరామము లేక 3 గంటలు మించరాదు. వరుసగా 27 దినములు మించరాదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావలయును. సంపాదనలో కనీసము నూటికి 20 వంతులు బిడ్డ పేర జాతీయబ్యాంకులో నిలువచేయవలయును.

కావున, సోదరీ, బిడ్డకు ఇష్టమున్నచో పంపుడు. బడి మాన్పింపకుడు, సంగీతమో, స్పష్టమైన పఠనమో గురుముఖమున నేర్పింపుడు. గొంతు బొంగురుపోయిన దినమున పని యొప్పుకొనకుడు. ఆమె సొమ్ముతో సంసారము గడుపుకొనకుడు. రేపు అత్తవారింట అడుగిడిన పిదప పాడుటయో మానుటయో ఆమె యిచ్ఛయే కావలయును. ఆ మాట వియ్యమందుటకు ముందే తేల్చుకొనుట తల్లిగా మీ వంతు. ఈ పుట చదువు అత్తగార్లకును మా మనవి యిదియే.