నాలుగు ఎత్తుల ఆట, మన కూత

వీడియో గేమ్ అనగానే ఇంట్లో పెద్దలు ముఖం చిట్లిస్తారు. చదువు పాడవుతుందని వాళ్ళ భయం. ఆ భయం పూర్తిగా తప్పని మేము అనము. కానీ ఒక దేశపు ఆటను మరో దేశపు పిల్లలకు పరిచయం చేసే శక్తి కూడా ఆ గేమ్‌లకే ఉంది. ఆ శక్తిని మన చెడుగుడుకు ఎందుకు వాడుకోకూడదన్నదే మా ప్రశ్న.

మాకు నచ్చిన ఉదాహరణ టెక్మో బౌల్. టీవీకి తగిలించి ఆడే నింటెండో పెట్టె కోసం 1989లో అమెరికాలో విడుదలైన ఫుట్‌బాల్ ఆట ఇది. ఈ ఫుట్‌బాల్ మనం కాలితో తన్నేది కాదు; రెండు కొనలు సన్నగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికా వాళ్ళ ఆట. విచిత్రమేమిటంటే, ఈ గేమ్‌ను తయారుచేసింది జపాన్ కంపెనీ!

అసలు మైదానంలో జట్టుకు 11 మంది ఆడతారు. వాళ్ళ వ్యూహాలకు లెక్కే లేదు. ఆ రోజుల చిన్న కార్ట్రిడ్జ్‌లో అవన్నీ పట్టేవి కావు. టెక్మో బౌల్‌లో జట్టుకు 9 మందే, ఎత్తులు నాలుగే. బంతి ఉన్నవాళ్ళు వాటిలో ఒకటి ఎంచుకుంటారు. అది ఏదో ఎదుటివాళ్ళు ఊహించాలి. ఊహ సరిపోయిందా, దాడి అక్కడికక్కడే కూలిపోతుంది. ఎన్నో వదిలేసినా, ఎదుటివాడి మనసు చదవడమనే అసలు రుచిని మాత్రం వాళ్ళు వదల్లేదు. ఆ గేమ్‌లో మాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

చెడుగుడులో ఉన్నదీ అదే కదా! కూతకు వెళ్ళినవాడు ఎడమకు వంగి కుడివైపు కాలు చాపుతాడు. అవతల ఏడుగురూ వాడి కళ్ళనే చూస్తుంటారు.

మా గ్రేటర్ నోయిడాకు ఈ ఆట కొత్తది కాదు. 2019లో ప్రో కబడ్డీ పోటీలు ఇక్కడి షహీద్ విజయ్ సింగ్ పథిక్ క్రీడా ప్రాంగణంలో జరిగాయి. మరో సంగతి. మా ఊరి బుద్ధ్ సర్క్యూట్‌లో మొదటి ఫార్ములా వన్ పందెం 2011 అక్టోబరు 30న జరిగింది. అంతకు ముందు నెలలోనే ఆ ట్రాక్ ఒక వీడియో గేమ్‌లోకి ఎక్కేసింది. అంటే ఎక్కడో విదేశాల్లోని పిల్లలు, అసలు పందెం కన్నా ముందే, మా ఊళ్ళో కార్లు నడిపేశారన్నమాట! కోట్ల రూపాయల కార్లకు దొరికిన ఆ చోటు, పైసా ఖర్చులేని చెడుగుడుకు దొరకాలి.

ఫోన్లలో కబడ్డీ గేమ్‌లు లేవని కాదు. మేము ఆడి చూసినవాటిలో కండలున్నాయి, కేకలున్నాయి, కూత లేదు. పోటీల్లో ఇప్పుడు 30 సెకన్ల గడియారం ఉంది గానీ, మన ఊళ్ళలో ఊపిరే గడియారం. సెలవుల్లో తాతగారి ఊరికి వెళితే అక్కడి పిల్లలు ఒక్క గుక్కలో కూత పెట్టి, గీత తాకి వచ్చేస్తారు. ఇక్కడ పుట్టి పెరిగిన మాకు సగంలోనే ఊపిరి అందదు. కూత ఆగితే అవుట్ అన్న నియమం కూడా మాలో చాలామందికి అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

అందుకే కంప్యూటర్ క్లాసులో నేర్చుకుంటున్న స్క్రాచ్‌తో చెడుగుడు గేమ్ చేయనివ్వమని మా ఉపాధ్యాయులను కోరుతున్నాము. బొమ్మలు గీతలుగా ఉన్నా ఫరవాలేదు. కూతకు వెళ్ళేవాడికి నాలుగు ఎత్తులు చాలు. మైకులో కూత వినిపించినంతసేపే వాడు కదలాలి, ఆగితే అవుట్. బోనస్ గీత ఉండాలా వద్దా అన్నది మాత్రం మాలో ఇంకా తేలలేదు.