మాత్ర చేతిలో పెట్టే ముందు

క్షయ మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే కళ్లు పచ్చబడి తిరిగి వచ్చే రోగులను వార్డుల్లో చూస్తుంటాం. "మందులు పడలేదు" అంటారు బంధువులు. ముందే అడగవలసింది మనం అడిగామా అన్నది మా ప్రశ్న.

ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ క్షయను నయం చేస్తాయి. కాలేయానికి హాని చేయగలిగేవీ ఇవే. అందరికీ చేయవు. మద్యం అలవాటున్నవారికి, వయసు మళ్ళినవారికి, తిండి లేక చిక్కిపోయినవారికి, హెపటైటిస్ బి, సి ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. జ్వరమని దుకాణంలో కొన్న పారాసిటమాల్ మోతాదు మించినా, తెలియని పసరు మందులు తోడైనా ముప్పు పెరుగుతుంది.

"తాగుతావా?" అని పదిమందిలో గద్దిస్తే ఎవరు నిజం చెబుతారు? పక్కకు పిలిచి, "తప్పుపట్టడానికి కాదయ్యా, మీ కాలేయం కోసం అడుగుతున్నాం" అంటే చెబుతారు. అందుకు ఐదు నిమిషాలు చాలు. తీరిక లేదనడం నర్సులమైన మనకు తగదు. ముప్పున్నవారికి మందులకు ముందు, తరువాత కూడా కాలేయ పరీక్షలు చేయించాలి.

రోగులకు ఒక మాట. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా రావడం మామూలే, భయపడకండి. ఆకలి పోయి, వాంతులై, కళ్లు పచ్చబడితే మాత్రం మందులు ఆపి ఆ రోజే ఆసుపత్రికి రండి. మానేసి ఇంట్లో కూర్చుంటే క్షయ ముదురుతుంది. కాలేయం కుదుటపడ్డాక, డాక్టరుగారి పర్యవేక్షణలో మందులు ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టే వీలుంది.