పెద్ద యంత్రమా, పనికివచ్చు యంత్రమా?

దుక్కి అదనులో ట్రాక్టరు గొర్రు పన్ను విరిగినచో, పట్నమునకు మోసుకొనిపోయి అతికించులోపలనే పదును ఆరిపోవును. ఇంటివద్ద చిన్న మరమ్మతు షెడ్డు ఉండుట లాభమే. కాని పెద్ద యంత్రమే మేలనుకొనుట పొరపాటు. 3.15 మిల్లీమీటర్ల వెల్డింగు రాడ్డుకు సుమారు 90 నుండి 130 ఆంపియర్లు చాలును. కనుక 230 వోల్టుల సింగిల్ ఫేజుపై నడుచు 200 ఆంపియర్ల ఇన్వర్టరు సెట్టు, 4 అంగుళముల గ్రైండరు, డ్రిల్లు, గట్టి వైసు సరిపోవును.

మిగిలిన సొమ్మును దళసరి తీగకు, మంచి ఎర్తుకు, 11వ నంబరు నల్లద్దము గల ముఖకవచమునకు, తోలు చేతితొడుగులకు వెచ్చింపుడు. లైనుకు కొక్కెములు తగిలింపకుడు. డీజిలు పీపాలను ఎన్నడును అతుకకుడు. లోని ఆవిరి పేలును.

విరిగిన పన్ను మరల దొరకును. పోయిన కన్ను దొరకదు.