అగ్గిపుల్ల అక్కర్లేని పొగ
లండన్‌లోని హౌన్స్‌లో హైస్ట్రీట్‌లో మన కుర్రాళ్ల చేతుల్లోనూ ఐకాస్ ఇలూమా అనే, పొగాకును వేడిచేసే పరికరం కనిపిస్తోంది. పొగాకు స్టిక్ దూర్చగానే పసిగట్టి దానంతటదే వేడెక్కుతుంది. స్టిక్ లోపలి లోహపు రేకును ఇండక్షన్ పొయ్యిలా కాచి, పొగాకు అంటుకోకుండా సుమారు 350 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. పనితనానికి వంక పెట్టలేం. కానీ ఆ రేకు లేని స్టిక్ పెడితే ఉలకదు, పలకదు. ఈ తెలివంతా గిరాకీని కట్టిపడేయడానికే అనిపిస్తుంది నాకు. లోపలికి పోయేది ఎలాగూ నికోటినే. అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకునేటప్పుడైనా ‘ఇప్పుడు అవసరమా’ అనుకునే వ్యవధి ఉండేది, అదీ పోయింది. అన్నట్టు, పక్కనే హీత్రూలో హైదరాబాద్ విమానం ఎక్కేవాళ్లు దీన్ని ఇంట్లోనే వదిలెయ్యండి: ఇలాంటి పరికరాల దిగుమతిని, అమ్మకాన్ని భారత్ 2019లోనే చట్టం చేసి నిషేధించింది.