పిడుదుల లెక్క తప్పితే ముప్పే

తెల్లటి గుడ్డను కర్రకు కట్టి, రాలిన ఆకుల మీదుగా ఈడ్చుకుంటూ నడవాలి. కొన్ని అడుగులకోసారి ఆగి, గుడ్డకు పట్టుకున్న పిడుదులను ఏరి సీసాలో వేయాలి. ఆ తర్వాత ఏది ఏ జాతిదో, ఏ దశలో ఉందో తేల్చాలి. కర్ణాటకలోని శివమొగ్గ అడవుల్లో ఆరోగ్య సిబ్బంది చేసే ఈ పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ మల్నాడు పల్లెలకు ముందస్తు హెచ్చరిక అందేది దీనితోనే.

1957లో సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు వరుసగా చనిపోయాయి. ఆ వెంటనే మనుషులూ జ్వరాల పాలయ్యారు. కారణం పిడుదులు మోసుకొచ్చే వైరస్ అని పుణె శాస్త్రవేత్తలు తేల్చారు. వ్యాధికి ఆ అడవి పేరే స్థిరపడింది. స్థానికులకు మాత్రం అది కోతి జ్వరం. అప్పటి సర్వేల్లో హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే జాతి ప్రధాన వాహకమని బయటపడింది. మరో కొత్త జాతికి 1964లో క్యాసనూరెన్సిస్ అనే పేరే పెట్టారు.

జాతితోపాటు దశ తెలియడమూ ముఖ్యమే. వర్షాకాలంలో పెద్ద పిడుదులు పశువుల రక్తం తాగి బతుకుతాయి. మనుషులకు ఎక్కువగా వ్యాధిని అంటించేది ఆవగింజంత కూడా ఉండని పిల్ల పిడుదులు. చలికాలం నుంచి వేసవి దాకా వాటి జోరు. సరిగ్గా అప్పుడే జనం కట్టెలకు, వక్క తోటల్లో పరిచే ఎండుటాకులకు అడవిబాట పడతారు. ఎక్కడ ముప్పుందో ముందే తెలిస్తే అక్కడివారికి ఒంటికి పూసుకునే తైలం పంచవచ్చు, అడవికి వెళ్లొద్దని చెప్పవచ్చు.

ఇప్పుడు ఈ లెక్కల అవసరం ఇంకా పెరిగింది. 2012 తర్వాత తమిళనాడు, కేరళ, గోవా, మహారాష్ట్రల్లోనూ వ్యాధి బయటపడింది. దశాబ్దాలుగా వేస్తున్న టీకా ఆశించిన రక్షణ ఇవ్వడం లేదని తేలడంతో 2022లో ఆపేశారు. కొత్త టీకా కోసం భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌తో చేతులు కలిపింది. సోకిన వారికి ప్రత్యేకమైన మందు లేదు. లక్షణాలను బట్టి చికిత్స చేయడమే. వంద మందిలో ముగ్గురి నుంచి అయిదుగురి దాకా ప్రాణాలు కోల్పోతారని అంచనా.

అయినా యంత్రాంగం ఉరుకులు పరుగులు పెట్టేది కోతి కళేబరం కనిపించాకే. 2018 చివర్లో సాగర తాలూకా అరళగోడులో వ్యాధి విజృంభించినప్పుడు ఆలస్యం ఖరీదెంతో తెలిసొచ్చింది. చనిపోయిన కోతి ఒంటి నుంచి దిగిన పిడుదులు అప్పటికే ఆకుల్లో కాచుకుని ఉంటాయి. వాటిని ముందే లెక్కించడానికి కావలసింది గుడ్డ, సీసా, జాతిని గుర్తుపట్టగల మనిషి. ఆ మనిషిని ఏడాది పొడవునా అడవిలో తిప్పే బాధ్యత ప్రభుత్వానిదే.